ఒంటి ఇంజను విమానములు

నాగార్జునసాగరము దక్షిణతీరమునందలి విజయపురినుండి లేచిన చిన్న శిక్షణవిమానములు కృష్ణ దాటి నల్లగొండ మండలపు పొలములమీదుగ తిరుగుట యెడమకాలువ ఆయకట్టు రైతులకు క్రొత్త గాదు. నాటుచేతలో నున్న కూలివారు ఒక్క క్షణము నడుము నిలిపి, నెత్తిమీద చేయి యడ్డముపెట్టుకొని, ఆ తెల్లని పిట్టను చూచి మరల పనిలో వంగుదురు. మిర్యాలగూడ మిల్లుల వసారాలలోను, సూర్యాపేట బస్సుస్టాండువద్ద టీదుకాణములలోను ఈ విమానములనుగూర్చి జరుగు ప్రసంగము తుదకొక ప్రశ్నయొద్ద నిలుచును: "దానికున్నది ఒక్క ఇంజనే గదా! అది మధ్యాకాశమున ఆగిపోయిన నేమి గతి?" ఇది పామరుల ప్రశ్నయని నవ్వి త్రోసివేయరాదు. విమానయానశాస్త్రమునందు నూరేండ్లుగా విజ్ఞులు తర్కించుచున్న ప్రశ్నయు నిదియే.

2022వ సంవత్సరము ఫిబ్రవరి 26వ తేదీన ఈ ప్రశ్న మన ముంగిటనే వచ్చి నిలిచినది. నల్లగొండ జిల్లా పెద్దవూర మండలములోని తుంగతుర్తి గ్రామపు పొలములలో సెస్నా 152 అను ఒంటి ఇంజను శిక్షణవిమానము కూలి, దానిని ఒంటరిగా నడుపుచున్న యువతి, శిక్షణ పొందుచున్న విద్యార్థిని, మరణించినది. (సూర్యాపేట జిల్లాలోని తుంగతుర్తి వేరు, పేరొక్కటియగుటచే పలువురు పొరబడిరి.) పొలములలో నున్నవారు పరుగెత్తివచ్చి పోలీసువారికి తెలియజేసిరి. ఆ దుర్ఘటన ఇంజను దోషమువలననే కలిగినదని మేము చెప్పుట లేదు. ఒక్కొక్క ప్రమాదమునకు కారణము విచారణవలన తేలవలసినదే గాని యూహవలన గాదు. కాని యానాటినుండి ఈ ప్రాంతమునందు బిడ్డలను విమానవిద్యకు పంపదలచిన తలిదండ్రుల మనస్సులలో ఒక భయము నాటుకొన్నది. ఆ భయమునకు తూకమెంతయో నిర్ణయించుటయే యీ వ్యాసమునకు ప్రయోజనము. భయమును పెంచుటయు తప్పే; మాపివేయుటయు తప్పే; కొలుచుటయే కర్తవ్యము.

మొదట చరిత్రను స్మరింతము. మన యాకాశమునకు ఒంటి ఇంజను విమానము నేటి చుట్టము కాదు. 1932 అక్టోబరు 15వ తేదీన జె.ఆర్.డి. టాటా కరాచీనుండి బొంబాయికి తపాలా సంచులను కొనివచ్చినది పుస్‌మాత్ అను ఒంటి ఇంజను విమానముననే. ఆ తపాలామార్గము బళ్లారి మీదుగా మదరాసు చేరెను. 1948 సెప్టెంబరు 13వ తేదీన భారతసేన బెజవాడ రస్తావెంట నైజాము సంస్థానములో నడుగిడి, ఆనాడే కోదాడ చేరినది. 15వ తేదీన సూర్యాపేటవద్ద ప్రతిఘటనను విమానముల దాడి చెదరగొట్టగా గూర్ఖాదళము పట్టణమును స్వాధీనపరచుకొన్నది. వెనుదిరిగిన సంస్థానసేన మూసీ వంతెనను ధ్వంసము చేసినది. ఆ సైనికచర్యయందు మన విమానదళము ప్రయోగించిన టెంపెస్టులు ఒంటి ఇంజను విమానములు. పదునెనిమిది సిలిండర్ల ఇంజను ఒక్కటి, కుర్చీ యొక్కటి, వైమానికుడొక్కడు. అదే వత్సరమున సిడ్నీ కాటన్ అను ఆస్ట్రేలియా దేశస్థుడు నైజాము ప్రభుత్వమునకు కరాచీనుండి దొంగతనముగా ఆయుధములు చేరవేసినది నాలుగు ఇంజన్ల లాంకాస్ట్రియను విమానములలో. దీనిలో నొక పాఠమున్నది. ఇంజన్ల సంఖ్యను నిర్ణయించునది పనియు, దూరమును, బరువును. ధైర్యము గాని పిరికితనము గాని కాదు. యుద్ధవైమానికుడు శత్రువు తుపాకివలని యాపదతో పోల్చిన ఇంజను ఆగు నాపద స్వల్పమని యొప్పుకొని యెక్కును. కాని శాంతికాలమున జీవనోపాధికై విద్య నేర్వవచ్చిన పందొమ్మిదేండ్ల బిడ్డకు ఆ లెక్క చెల్లదు. ఆమె యెదుట నున్న యాపదలలో ఇంజను ఆగుట ప్రధానమైన వానిలో నొకటి యగును. కనుకనే దానిని సూక్ష్మముగా తూచవలసియున్నది.

తూకమనగా నేమి? ఒక కీడు ఎంత తరచుగా వచ్చునను నది యొక తట్ట. వచ్చినచో నెంత నష్టము చేయునను నది రెండవ తట్ట. లోకులు మొదటిదానిని మాత్రమే చూతురు. అంతర్జాతీయ పౌరవిమానయాన సంస్థ 2005లో టర్బైను ఇంజను గల ఒంటి ఇంజను విమానములు రాత్రివేళలను, మేఘములలోను ప్రయాణికులను కొనిపోవుటకు నిబంధనలతో నంగీకరించినప్పుడు, ఇంజను శక్తి నశించుట లక్ష గంటలకు ఒకమారుకంటె తక్కువగా నుండవలెనని ప్రమాణము విధించినది. లక్ష గంటలనగా పగలు రాత్రి విరామము లేక పదునొకండు సంవత్సరములకు పైగా ఇంజను తిరుగుట. వినుటకిది యభయమువలెనే యున్నది. కాని సంఖ్యలు మనిషినిబట్టి మారును. మనదేశమున వాణిజ్య వైమానికుని అనుమతిపత్రమునకు 200 గంటలు ఎగురవలెను. పై ప్రమాణమునే గ్రహించినచో ఒక విద్యార్థికి తన శిక్షణకాలమున ఇంజను ఆగు నవకాశము అయిదువందలలో నొకటి. అదే బోధకుడు తన జీవితమున 5,000 గంటలు ఎగిరెనేని ఆ యవకాశము ఇరువదింట నొకటి. ఏటికి 10,000 గంటలు విమానములు నడపు పాఠశాలకు పదేండ్లకొకమారు. శిక్షణవిమానములలోనివి టర్బైనులు గాక పిస్టను ఇంజన్లు. ఇవి సాధారణముగా టర్బైనుల యంతటి నమ్మకము నీయజాలవు. కాబట్టి నిజమైన లెక్క యింకను కఠినముగనే యుండును.

ఈ లెక్కలో నొక ధర్మసూక్ష్మమున్నది. విద్యార్థికి ఇంజను ఆగుట యొక సందేహము. పాఠశాలకు, ప్రభుత్వమునకు అది నిశ్చయము. ఎప్పుడో యొకప్పుడు, ఎక్కడో యొకచోట, తప్పక జరుగును. తెలిసియుండియు సిద్ధపడని సంస్థ "దైవాధీనము" అని చేతులు కడుగుకొనుటకు వీలులేదు. ఏటేట వరద వచ్చు వాగు గట్టున ఇల్లు కట్టించి యిచ్చిన కంట్రాక్టరు, వాన తన చేతిలో లేదని చెప్పిన నెవరు నమ్ముదురు?

"అట్లయిన రెండు ఇంజన్లు పెట్టరాదా?" యని యడుగుదురు. ఇది సహజమైన మాట. కాని రైతు తన యనుభవమునుండియే దీనికి సమాధానము చెప్పగలడు. ఒక భూస్వామి తన తోటకు ఒక మోటారు చాలదని రెండు మోటార్లు బిగించెననుకొందము. రెండును ఒకే ట్రాన్సుఫార్మరునుండి కరెంటు తీసుకొనుచున్నవి. ట్రాన్సుఫార్మరు కాలినచో రెండును ఒక్కమారే నిలుచును. రెండవ మోటారు ఖర్చు దండుగ. విమానమందును ఇంతియే. ఇంజన్లు ఆగుటకు లోహము విరుగుటయొక్కటే కారణము కాదు. నూనె చాలక, నూనెలో నీరు చేరి, వాల్వు తప్పు త్రిప్పి, కార్బురేటరులో మంచు పేరుకొని ఆగునవి మెండు. ఒక కారణము రెంటికిని తగిలినప్పుడు సంఖ్య యక్కరకు రాదు. 2009 జనవరి 15వ తేదీన న్యూయార్కున పక్షుల గుంపు తగిలి పెద్దవిమానము రెండు ఇంజన్లును శక్తి కోల్పోగా, నాయకుడు దానిని హడ్సను నదిపై దింపి 155 మందిని బ్రతికించెను. 2025 జూన్ 12వ తేదీన అహమ్మదాబాదున లేచిన రెండు ఇంజన్ల బోయింగు విమానము క్షణములలో కూలి, విమానమందును నేలమీదను కలిసి 260 మంది మరణించిరి. నేల వదలిన కొలదిసేపటికే రెండు ఇంజన్ల నూనె మీటలును ఒకదానివెంట నొకటి మూసిన స్థానమునకు మారినవని ప్రాథమిక నివేదిక తెల్పినది.

మరియొక చిక్కు గలదు. జోడెడ్ల బండిలో ఒక యెద్దు కూలబడిన రెండవది బండిని తిన్నగా లాగదు. ప్రక్కకు త్రిప్పి గోతిలో పడవేయును. రెండు ఇంజన్ల చిన్న విమానమందు ఒకటి ఆగినప్పుడు రెండవదాని బలము విమానమును ఒకవైపునకు త్రిప్పును. వేగము తగ్గినచో ఆ త్రిప్పును చుక్కాని యాపజాలదు. విమానము వెల్లకిల పడును. సగము శక్తి పోయినంతమాత్రాన పైకెక్కు సామర్థ్యము సగము పోవుట కాదు. చిన్న విమానములలో నూటికి ఎనుబదిపాళ్లవరకు పోవును. కనుక రెండవ ఇంజను అభ్యాసము గలవానికి వరము, అభ్యాసము లేనివానికి గండము. 1927లో న్యూయార్కునుండి పారిసునకు ముప్పదిమూడున్నర గంటలు ఒంటరిగా ఎగిరిన లిండ్‌బర్గ్ ఒక ఇంజనునే కోరి యెన్నుకొనెను. అంతకు ముందేటనే ఫోంక్ అను ఫ్రెంచి వీరుడు మూడు ఇంజన్ల విమానమును బరువు మించి నింపి, నేల వదలకముందే దగ్ధము చేసికొని ఇద్దరు సహచరులను పోగొట్టుకొనెను.

మన తెలుగుదేశపు దుఃఖములను స్మరించినను ఇదే తేలును. 2002 మార్చి 3వ తేదీన లోకసభాధ్యక్షుడు జి.ఎం.సి. బాలయోగి కైకలూరు ప్రాంతమున కూలిన హెలికాప్టరులో మరణించెను. అది బెల్ 206, ఒంటి ఇంజనుది. 2004 ఏప్రిల్ 17వ తేదీన నటి సౌందర్య కరీంనగరమున ఎన్నికల ప్రచారమునకై బయలుదేరి బెంగుళూరు జక్కూరువద్దనే కూలిన చిన్న విమానమున మరణించెను. అదియు ఒంటి ఇంజనుదే. ఈ రెంటిని చూచి "రెండు ఇంజన్లుండిన" యని నిట్టూర్చినవారు పలువురు. కాని 2009 సెప్టెంబరు 2వ తేదీన ముఖ్యమంత్రి వై.ఎస్. రాజశేఖరరెడ్డి, మరి నలుగురు నల్లమలలో మరణించిన బెల్ 430 హెలికాప్టరునకు ఇంజన్లు రెండు. దట్టమైన మబ్బు, కుండపోత, కొండ అను మూటియెదుట రెండవ ఇంజను చేయగలిగినదేమియు లేకపోయెను. ఇంజన్లను లెక్కపెట్టి నిశ్చింతగా నుండువాడు తలుపునకు రెండు తాళములు వేసి కిటికీ తెరచిపెట్టినవానితో సమానుడు.

అట్లని ఒంటి ఇంజను విమానములన్నియు సమానమేయని చెప్పరాదు. ఇచ్చట హైదరాబాదు చెంతనున్న దుండిగల్ విమానదళ అకాడమీ చరిత్ర మనకు గొప్ప నిదర్శనము. 1984 మొదలు మన వైమానికదళ విద్యార్థులు హిందుస్థాన్ ఏరోనాటిక్సు నిర్మించిన హెచ్.పి.టి.-32 దీపక్ అను పిస్టను ఇంజను విమానముపై ఓనమాలు దిద్దిరి. దాని కీర్తి యేమన, ఆకాశమున నున్నట్లుండి ఇంజను ఆగుట. నూనె ఇంజనునకు సరిగా అందకపోవుట ప్రధానమైన ఫిర్యాదు. ఆగినపిమ్మట దూరముగా జాలుచు పోవు గుణమును దానికి తక్కువ. పదునేడు విమానములు కూలి పందొమ్మండుగురు వైమానికులు ప్రాణములు కోల్పోయిరి. 2009 జూలై 31వ తేదీన మెదకు జిల్లాలో ఇద్దరు బోధకులు మరణించిన తరువాతగాని ఆ విమానములు నేలకు కట్టివేయబడలేదు.

పాఠకులు గమనింపవలసిన దేమన, వానికి బదులుగా ప్రభుత్వము తెచ్చినది రెండు ఇంజన్ల విమానములు కావు. 2012లో ఒడంబడిక చేసికొని, 2013లో దుండిగల్‌నందు ప్రవేశపెట్టిన 75 పిలాటస్ పి.సి.-7 విమానములును ఒంటి ఇంజనువే. మారినది సంఖ్య గాదు, ఇంజను స్వభావము. పిస్టను పోయి టర్బైను వచ్చినది. వైమానికదళము ఒంటి ఇంజనును నమ్మదగినదేయని మరల నమ్మెను. కాని ఏ ఒంటి ఇంజను నమ్మదగినదో తెలిసికొనుటకు ఇరువదియైదేండ్లును, పందొమ్మిది ప్రాణములును వ్యయమైనవి. ఈ వ్యయము తప్పనిసరియా? మొదటి నాలుగైదు ఘటనలయందే లెక్క వ్రాసి, దోషమును బహిరంగముగా నొప్పుకొని, దిద్దునంతవరకు ఎగురుట నిలిపియుండిన ఎందరు తల్లుల కడుపు చల్లగా నుండెడిదో! క్రొత్త విమానము నిర్దుష్టమని యెవరును మురియరాదు. 2023 డిసెంబరు 4వ తేదీన తూప్రాను సమీపమున ఒక పిలాటస్ కూలి బోధకుడును, విద్యార్థియు మరణించిరి. యంత్రము మేలైనను జాగరూకత సెలవు తీసికొనరాదు.

ఇక తూకములో రెండవ తట్టకు వత్తము. ఇంజను ఆగినంతనే విమానము రాయివలె పడునని లోకుల భ్రమ. అది నిజము గాదు. సెస్నా 152 వంటి విమానము ఇంజను ఆగినను గంటకు 110 కిలోమీటర్ల వేగముతో గ్రద్దవలె జాలుచు, ఒక యడుగు దిగుటకు ఇంచుమించు తొమ్మిది యడుగులు ముందుకు పోవును. నేలనుండి 3,000 అడుగుల యెత్తున నున్నయెడల ఎనిమిది కిలోమీటర్ల దూరమును, నాలుగు నిమిషములకు పైగా వ్యవధియు నుండును. నాలుగు నిమిషములలో గాలి ఏ దిక్కున వీచుచున్నదో చూచి, మెట్టపొలము నొకదానిని ఎంచుకొని, నూనె మీట సరిగానున్నదో లేదో పరీక్షించి, రేడియోలో కబురు చెప్పి దిగవచ్చును. అదే 500 అడుగుల యెత్తున నున్నచో ఒకటిన్నర కిలోమీటరునకు లోపలి దూరము, ముప్పాతిక నిమిషము మాత్రమే. ఎత్తు వైమానికునికి బ్యాంకిలోని నిలువ వంటిది. అవసరము రాకముందే కూడబెట్టవలెను.

దిగునప్పటి వేగమును ప్రాణమును నిర్ణయించును. తాకిడి బలము వేగమును దానిచేతనే గుణించిన రీతి పెరుగును. గంటకు 80 కిలోమీటర్లతో నేల తాకుటకంటె 110 కిలోమీటర్లతో తాకుట ఇంచుమించు రెట్టింపు దెబ్బ. ఒంటి ఇంజను విమానములు మెల్లగా దిగగలుగునట్లు నిర్మింపబడుటకు కారణమిదియే. బలవంతముగా దింపవలసివచ్చిన పెక్కు ఘటనలయందు ప్రాణములు దక్కుటకును కారణమిదియే. కాని లేచినవెంటనే ఇంజను ఆగినప్పుడు, రన్‌వే వెనుకనే యున్నది గదాయని గిరుక్కున తిరుగబోయినవారు పలువురు మరణించిరి. విమానము ఒకప్రక్కకు 60 డిగ్రీలు వాలి తిరుగునప్పుడు రెక్కల పట్టు తప్పు వేగము నూటికి నలుబదియొక్క పాళ్లు పెరుగును. జాలు వేగము దానికి చాలదు. రెక్కలకు పట్టు తప్పిన పిమ్మట అది విమానము గాదు, ఇనుపముద్ద. ఎదుట చెరకుతోట యున్నను, కందిచేను ఉన్నను దానిలోనికి తిన్నగా దిగువాడు గాయములతో లేచును, వెనుదిరిగినవాడు లేవడు. చెప్పుట తేలిక, ఆ క్షణమున చేతులు చేయుటకు నూరుమార్లు అభ్యసింపవలెను.

ఇప్పుడు మన మూడు పట్టణముల నేలను వైమానికుని కన్నులతో చూతము. సూర్యాపేటనుండి కోదాడకు రహదారివెంట దాదాపు 45 కిలోమీటర్లు. చిన్న విమానమునకు కాలుగంట ప్రయాణము. ఆ దారిలో దిగదగిన విమానాశ్రయము లేదు. కనుక పొలమే విమానాశ్రయము. చైత్రవైశాఖములలో కోతలైన మళ్లు ఎండి గట్టిపడియుండును. దిగుటకు నది మేలైన కాలము. కాని ఆ మాసములలోనే ఎండ 45 డిగ్రీలవరకు నెక్కి, గాలి పలుచనై, ఇంజను శక్తియు రెక్కల పట్టును తగ్గును. లేచుటకు నది కీడు కాలము. శ్రావణభాద్రపదములలో మిర్యాలగూడ, హుజూరునగరము చుట్టును దమ్ముచేసిన మళ్లు అద్దమువలె నిండియుండును. ఆ బురదలో ముందుచక్రము దిగబడిన విమానము తలక్రిందులగును. హైదరాబాదు విజయవాడ రహదారి పైనుండి చక్కని రన్‌వేవలె కనబడును. క్రింద లారీలు, మధ్య గోడ, ప్రక్కల తీగెలు. అన్నిటికంటె ఘోరమైనవి విద్యుత్తు తీగెలు. దామరచర్లవద్ద 4,000 మెగావాట్ల యాదాద్రి విద్యుత్కేంద్రము వెలసినపిమ్మట ఈ పొలములపై ఇనుప స్తంభములు పెరిగినవి. స్తంభము కనబడును, తీగె కనబడదు. పడమట సాగరజలాశయము, దానికావల నల్లమల. ఆ రెంటిమీద ఇంజను ఆగుటయు, కోదాడ జొన్నచేలమీద ఆగుటయు ఒకటి కాదు. అదే ఇంజను, అదే లక్ష గంటల లెక్క. కాని ఫలము వేరు.

మా సిద్ధాంతమిది. ఒంటి ఇంజను విమానము నిషేధింపదగినది గాదు. దానిని నిషేధించినచో పేదదేశమునకు విమానవిద్యయే యుండదు. ధనికుల బిడ్డలే విదేశములకు పోయి నేర్చుకొందురు. పొలములు గల చదునుభూమిపైన, పగటివేళ, తగిన యెత్తున ఎగురు ఒంటి ఇంజను విమానము నంగీకరింపదగిన యాపదయే. అదే విమానము రాత్రివేళ, అడవిమీద, జలాశయముమీద, లేదా తీగెల నడుమ తక్కువ యెత్తున ఎగురుట యంగీకరింపరాని యాపద. ఈ రెంటికిని నడుమనున్న గీతను గీయువారు యంత్రమును చేసినవారు గారు. పాఠశాలవారు, ప్రభుత్వమువారు, వైమానికులు. కనుకనే ప్రమాదమైనప్పుడెల్ల "యంత్రదోషము" అను నొక్కమాటతో దస్త్రమును కట్టివేయుట మేమొప్పుకొనము.

ప్రభుత్వము చేయవలసిన పనులు గొప్ప ధనముతో గూడినవి కావు. మొదటిది, ప్రతి శిక్షణసంస్థయు ఏటేట ఎన్ని గంటలు ఎగిరినది, ఎన్నిమార్లు ఇంజను ఆగినది లేదా తడబడినది, ఎందువలన, అను లెక్కను ప్రజలకు తెలియునట్లు ప్రకటింపవలెను. ప్రాణములు పోయిన సంఘటనలే గాక ప్రాణములు దక్కినవియు అందు చేరవలెను; ఎందుకన, దక్కినవియే రాబోవు వానికి హెచ్చరికలు. మిల్లులో బాయిలరునకు తనిఖీ పత్రము గోడకు వ్రేలాడుచుండగా, బిడ్డను ఆకాశమునకు పంపు తండ్రికి ఆపాటి పత్రమైన చూపవలదా? రెండవది, శిక్షణవిమానములు తిరుగు ప్రాంతములలోని పెద్ద విద్యుత్తు తీగెలకు రంగుబంతులు తగిలింపవలెను; పటములలో వానిని క్రొత్తగా గుర్తింపవలెను. మూడవది, ఒంటరిగా నెగురు విద్యార్థికి మార్గమును నిర్ణయించునప్పుడు దూరమునుబట్టిగాక, దారిపొడవున దిగదగిన నేలనుబట్టి నిర్ణయింపవలెను. నాలుగవది, విచారణనివేదికలు జాప్యము లేక వెలువడవలెను. మరచిపోయినపిమ్మట వచ్చిన సత్యము సగము సత్యమే.

తలిదండ్రులకును ఒక మాట. శిక్షణకు లక్షలు చెల్లించునప్పుడు భవనమును, యూనిఫారమును చూచి మురియక, నాలుగు ప్రశ్న లడుగుడు. ఇంజనును ఎన్ని గంటలకొకమారు విప్పి బాగుచేయుదురు? నూనెలో నీరున్నదా లేదాయని ప్రతి యెగురుటకు ముందు ఎవరు పరీక్షింతురు? ఇంజను ఆగినట్లు నటించి దింపు అభ్యాసము ఎన్నిమార్లు చేయింతురు? "ఈ విమానము నాకు నమ్మకముగా లేదు, నేడు ఎక్కను" అని విద్యార్థి చెప్పినచో ఏమి చేయుదురు? కడపటి ప్రశ్నకు వచ్చు సమాధానమునుబట్టియే తక్కిన మూటి విలువ తేలును.

పొలము గలవారికిని కర్తవ్యము గలదు. మీ చేనిలో విమానము దిగినచో పంట నష్టమును గూర్చిన మాట తరువాత; మొదట దూరముగా నుండి 112కు కబురంపుడు. నూనె కారుచుండును, బీడీ, చుట్ట దరిజేరనీయకుడు. లోనివారు ప్రాణములతో నుండి, నిప్పు భయమున్నచో బయటికి తీయుడు. లేనిచో వైద్యులు వచ్చువరకు కదల్పకుడు. విరిగిన ముక్కలను ముట్టకుడు, సెల్‌ఫోనులతో గుంపుగూడకుడు. ఆ ముక్క లెచ్చట పడినవో యచ్చటనే యుండినగాని కారణము తేలదు. కారణము తేలినగాని మరియొక బిడ్డ దక్కదు.

తుంగతుర్తి పొలములలో ఆనాడు పడినది ఒక కుటుంబము కన్న కల. ఆ నేల మరల దున్నబడినది, దానిపై మరల విమానములు ఎగురుచున్నవి, ఎగురవలసినదే. కాని ఆ రొద చెవినిబడినప్పుడెల్ల మనము అడుగవలసినది "దానికెన్ని ఇంజన్లు?" అను ప్రశ్న గాదు. "ఇప్పుడే యది యాగినచో, ఆ బిడ్డ దిగుటకు క్రింద చోటున్నదా? ఆ చోటికి చేరుటకు పైన ఎత్తున్నదా? ఆ యెత్తునుండి దిగుట ఆమెకు నేర్పినవారున్నారా?" ఈ మూటికి ఔనని చెప్పగలిగిననాడు ఒక్క ఇంజను చాలును. చెప్పజాలనినాడు నాలుగున్నను చాలవు.